పొగ మానేసిన బస్సులు

కిటికీ ఎవరు తీశారన్న దగ్గరే ఆగింది ఇంట్లో గొడవంతా.

అమ్మను ఆసుపత్రి నుంచి నిన్ననే తీసుకొచ్చారు. ముక్కుకు సన్నటి గొట్టం, మంచం పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ పెట్టె. పంపించే ముందు డాక్టరు అడిగింది ఒక్కటే. "ఇన్నేళ్ళూ ఎలాగో నెట్టుకొస్తున్న మనిషి. ఈమధ్య ఇంట్లో కొత్తగా ఏం మార్చారు?" అన్నదమ్ములిద్దరూ ఏమీ మార్చలేదన్నారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా కోడళ్ళిద్దరికీ ఒకేసారి కిటికీ గుర్తొచ్చింది.

కిటికీకి ఎదురుగా, సన్నటి సందు అవతలే బస్సు డిపో గోడ ఉంది. పొద్దున్నే గోడకు అవతలి పక్క బస్సులన్నీ వరసగా స్టార్టయి, కదలకుండా గుడగుడలాడుతూ నిలబడతాయి. అందుకే ఆ కిటికీ తలుపులు ఏళ్ళ తరబడి మూసే ఉండేవి. సందుల్లో గుడ్డపేలికలు కుక్కి, పైన వెడల్పాటి టేపు అంటించి ఉండేది. అంత చేసినా మసి ఎక్కడినుంచి దూరేదో ఆ దేవుడికే తెలియాలి. అమ్మ రోజూ తడి గుడ్డతో కిటికీ చట్టం తుడిచి, ఆ నల్లటి గుడ్డను కాఫీ తాగుతున్న పెద్దకొడుకు ముఖం ముందు ఆడించేది. "ఇదిగో నాయనా, నీ డిపో!" అనేది. పెద్దకొడుకు ఆ డిపోలోనే ఫోర్మన్ మరి.

"నేను మాత్రం తియ్యలేదమ్మా తల్లీ," అంది పెద్దకోడలు వంటింట్లో గిన్నె దించుతూ. "ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ దాన్ని మూసే ఉంచాను."

"నేను తీశానా అక్కా?" చిన్నకోడలికి ఉక్రోషం వచ్చింది. "మీ మరిదిగారే టేపు పీకారు. మీరు పక్కనే ఉండి చప్పట్లు కొట్టారు."

"కొట్టనా మరి? గుడ్డ మల్లెపువ్వులా వస్తే ఎవరైనా కొడతారు. అత్తయ్య నలుగురినీ పిలిచి చూపించారు. మీ ఆయన మందు పోశాడు, పొగ మాయమైందన్నాం. గాలి లోపలికి వస్తుంటే వద్దంటానా?"

"అయితే తప్పు మా ఆయనదేనంటారు."

"నేననలేదు. నువ్వే అన్నావు."

చిన్నకొడుకు ఇదంతా అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. కాలేజీలో ఇంజన్ల పాఠాలు చెప్తాడు. డిపోలో అతన్ని ‘మందు మేష్టారు’ అంటారు. సీసా ముట్టని మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు కంగారుపడితే, మేష్టారు తాగడు, బస్సులకు పోస్తాడని డ్రైవర్లు నవ్వుతారు.

ఆ మందు సంగతి అతను ఎవరికైనా విడమరిచి చెప్పేవాడు. డీజిల్ కాలడానికి ఆక్సిజన్ బయటి గాలిలోంచే రావాలి. ఇంజన్ లోపల మంట మధ్యకు గాలి సరిగా అందదు. అందని చోట డీజిల్ మాడి మసి అవుతుంది. ఈ మందులో ఆక్సిజన్ దాని ఒంట్లోనే ఉంటుంది. డీజిల్‌లో కొంచెం కలిపితే, గాలి చేరని చోట కూడా మంటకు కావలసింది అందుతుంది, మసి తగ్గిపోతుంది. నిజంగానే తగ్గింది. పొగ పరీక్షలో ఆగిపోయిన బస్సులన్నీ మళ్ళీ రోడ్డెక్కాయి. అన్నయ్య ఉద్యోగం నిలబడింది. ఆ సంతోషంలోనే అతను వచ్చి కిటికీ టేపు చర్రున పీకేశాడు. అమ్మ తన మంచాన్ని తానే ఈడ్చుకెళ్ళి కిటికీ కింద వేసుకుంది.

పెద్దకోడలు జావ గిన్నెతో గదిలోకి వచ్చి, పెట్టెనూ మరిదినీ మార్చి మార్చి చూసింది.

"బస్సులకు డీజిల్లో కలిపి పోశారు. అత్తయ్యకు పెట్టెలో పెట్టి తెచ్చారు. మనింట్లో ఆక్సిజన్‌కు మాత్రం లోటు లేదు మరిదిగారూ."

ఆమె మాటకు ఎప్పుడూ నవ్వే ఇల్లు ఇది. ఇవాళ ఎవరూ నవ్వలేదు. నవ్వించాలని అన్నదో, పొడవాలని అన్నదో ఆమెకే తెలియదు పాపం. కళ్ళు తుడుచుకుని గిన్నె కింద పెట్టింది.

అతను లేచి బయటికి నడిచాడు. వెనకే భార్య వెళ్ళింది.

* * *

ఇంటి వెనక సందులో, డిపో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బస్సులన్నీ ఎప్పుడో వెళ్ళిపోయాయి. గోడ మీద ఏళ్ళనాటి మసి చారలు అలాగే ఉన్నాయి.

"అక్క మాట పట్టించుకోకండి. భయంతో అంటోంది," అంది భార్య.

"వదిన తప్పేమీ అనలేదు."

"పొద్దున్నే లేచి ఇక్కడికే వచ్చారు కదా? ఎందుకు?"

"బస్సులు స్టార్టు చేసేటప్పుడు చూద్దామని."

"పొగ వచ్చిందా?"

"లేదు. పేరుకు కూడా లేదు. కాసేపటికి కళ్ళల్లోంచి నీళ్ళు కారడం మొదలైంది. గొంతులో కారం పోసినట్టు అయింది."

ఆమె ఎదురుచూసింది. ఈయన పాఠం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదని పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకుంది.

"కాలేజీలో ఇంజన్‌ను బాగా వేడెక్కనిచ్చి, బరువు పెట్టి, అప్పుడు కొలుస్తాం. చల్లటి ఇంజన్ మీద తీసిన రీడింగు తప్పు రీడింగని కొట్టేస్తాం. పిల్లలకు మొదటి క్లాసులో చెప్పే నియమమే అది. వేడి ఇంజన్ మీద ఈ మందు బంగారంలా పనిచేసింది. నేను అబద్ధం చెప్పలేదు."

"మీరు అబద్ధం చెప్పారని ఎవరన్నారు?"

"ఇక్కడ, మన కిటికీ వెనక, వేడి ఇంజన్ ఎప్పుడుంది? రాత్రంతా నిలబడి చల్లబడ్డ బండి ఇది. ఇంజన్ చల్లగా ఉంటే ఈ మందు సరిగా అంటుకోదు. సగం కాలి, సగం కాలక, వేరే ఏదోలా మారి బయటికొస్తుంది. దానికి రంగుండదు. కంటినీ ఊపిరినీ మాత్రం కొరికేస్తుంది."

"అంటే మామూలు డీజిలే నయమా?"

"అదీ నయం కాదు. ఆ మసి కూడా విషమే. కాకపోతే మసి కంటికి కనబడుతుంది. కనబడితే కిటికీ మూసుకుంటాం."

"ఇది కనబడదు కాబట్టి తెరుచుకున్నాం," అంది ఆమె నెమ్మదిగా.

అతను తలూపాడు. ఆమెకు భర్త మీద కోపం రావలసిందే. రాలేదు. గోడకు వీపు ఆన్చి నిలబడ్డ ఆ మనిషిని చూస్తే, పరీక్ష తప్పి ఇంటికి రావడానికి జంకుతున్న కుర్రాడిలా అనిపించాడు.

"మరి ఆపించండి. బావగారితో చెప్పండి. మీ అన్నయ్యే కదా పోయించేది."

"చెప్తాను."

"నేనూ రానా?"

"వద్దు. నువ్వు అమ్మ దగ్గరుండు. కిటికీ మూసెయ్యి."

* * *

వర్క్‌షాపులో ఒక బస్సు కింద గోతిలో నిలబడి ఉన్నాడు అన్నయ్య. తమ్ముణ్ణి చూడగానే ముఖం పాలిపోయింది. "అమ్మకు?" అన్నాడు.

"అమ్మ బాగానే ఉంది. నీతో మాట్లాడాలి."

అన్నయ్య అతన్ని టైర్లు పేర్చిన గదిలోకి తీసుకెళ్ళి తలుపు చేరవేశాడు. తమ్ముడు చెప్పిందంతా చేతులు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. చేతులు శుభ్రమైపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"కళ్ళు మండుతున్నాయని డ్రైవర్లు మొదట్లోనే చెప్పార్రా," అన్నాడు చివరికి. "నేనే వాళ్ళను నీ దగ్గరికి తీసుకొచ్చాను. ఏమన్నావో గుర్తుందా?"

తమ్ముడు తలూపాడు.

"ముక్కుతో కాదు, మీటరుతో మాట్లాడండి అన్నావు. అందరూ నోరు మూసుకున్నారు. నేను కూడా. చదువుకున్నవాడివి, నీకు తెలియదా అనుకున్నా."

"ఇప్పుడు చెప్తున్నాను కదన్నయ్యా. ఆపెయ్."

"ఏమని చెప్పి ఆపను? నా తమ్ముడి ముక్కు మండిందనా?"

"కొలవాలి. పొగ కాకుండా మిగతావి కొలిచే మిషను మా కాలేజీలో లేదు. ఉన్నచోటికి ఒక బస్సును పంపించు. చల్లగా ఉండగా స్టార్టు చేసి కొలిపిస్తాను."

ఫోర్మన్ నవ్వాడు. సంతోషం లేని నవ్వు.

"బస్సు బయటికి పంపాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే కారణం చూపించాలి. కారణమంటే నీ దగ్గర లెక్క ఉండాలి. లెక్క కావాలంటే బస్సు బయటికి పోవాలి. ఇప్పుడు చెప్పు, ఎక్కడ మొదలుపెట్టను?"

"కనీసం ఆ వరసను మన గోడ దగ్గర నుంచి తీసెయ్. అటువైపు పెట్టించు."

"అటు గోడ వెనక కండక్టర్ల ఇళ్ళున్నాయి. నీ మందు వచ్చాక వాళ్ళూ కిటికీలు తీసుకున్నారు. మనమ్మను ఇటు కాపాడి, వాళ్ళ అమ్మల్ని అటు పెట్టనా?"

"అయితే స్టార్టు చేసి అంతసేపు నిలబెట్టొద్దు. చేసిన వెంటనే పంపించెయ్."

"గాలి నిండకుండా బస్సు కదిపితే బ్రేకు పడుతుందా? నీకు నేను చెప్పాలా ఇది?"

చెప్పక్కర్లేదు. ఆ పాఠం కూడా తమ్ముడు కాలేజీలో చెప్పేదే. గాలి బ్రేకుల టాంకులు నిండేదాకా ఇంజన్ తిరగాల్సిందే, బస్సు నిలబడాల్సిందే. ఆ నిలబడ్డ కాసేపే అమ్మ ఊపిరికి చేటు.

"పాత డీజిలే పొయ్యి," అన్నాడు తమ్ముడు.

"పోస్తాను. మళ్ళీ నల్లపొగ వస్తుంది. తనిఖీవాళ్ళు బస్సులు ఆపేస్తారు. కొత్త బస్సులు ఇవ్వరు, పాతవి నడవనివ్వరు. డిపో మూసేస్తారు. ఇందులో పనిచేసేవాళ్ళంతా రోడ్డున పడతారు." అన్నయ్య గొంతు తగ్గింది. "పోనీ అవన్నీ వదిలెయ్. ఆ నల్లపొగ మాత్రం అమ్మకు మంచిదా? నువ్వే చెప్పు మేష్టారూ. ఏది పొయ్యమంటావు?"

అన్నయ్య తనను మేష్టారూ అని పిలవడం అతను ఇదే వినడం. టైర్ల వంక చూశాడు.

"నాకు మాత్రం అమ్మ కాదట్రా?" అన్నాడు అన్నయ్య. ఇంకేదో చెప్పబోయి, నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, తలుపు తీసి వెళ్ళిపోయాడు.

తమ్ముడు యార్డులోంచి నడిచి వస్తుంటే, పొట్టి డ్రైవరొకడు బస్సు దిగి ఎదురొచ్చాడు. జేబులోంచి తెల్లటి రుమాలు తీసి, సైలెన్సరు గొట్టం నోటికి అడ్డం పట్టి, తీసి చూపించాడు.

"చూశారా మేష్టారూ, మచ్చ పడదు! మా ఆవిడ ఇప్పుడు బట్టలు బయటే ఆరేస్తోంది. మీ పేరు చెప్పుకుని."

అతను నవ్వడానికి ప్రయత్నించాడు. నవ్వాననే అనుకున్నాడు.

* * *

ఇల్లు చేరేసరికి అమ్మ మేలుకుని ఉంది. గొట్టం ముక్కుకు ఉండగానే పోట్లాటకు దిగింది.

"నా కిటికీ... ఎవరు మూశారు?"

"నేనే మూయమన్నానమ్మా."

"ఆ పేలికలు... చెత్తలో పారేశాను కదరా. మళ్ళీ ఎక్కడ దొరికాయి మీకు?"

"మాట్లాడకండి అత్తయ్యా, ఆయాసం వస్తుంది," అంది చిన్నకోడలు.

"మాట్లాడితే రాదు. మీ ముఖాలు చూస్తే వస్తోంది."

కోడళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈ ఇంట్లో పొద్దుటి నుంచి మొదటిసారి ఇద్దరి పెదాల మీదా నవ్వు కదిలింది. అమ్మ నోరు లేచిందంటే కొంచెం తేరుకున్నట్టే.

అతను స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. దారి పొడుగునా కూడదీసుకున్న మాటలన్నీ ఒక్కసారిగా చెప్పేశాడు. మందు మంచిదే అనుకున్నాననీ, చల్లటి ఇంజన్ సంగతి తట్టలేదనీ, నీ ఊపిరి పాడుచేసింది బస్సులు కాదు, నేనేననీ చెప్పాడు.

అమ్మ అంతా విని, తేలిగ్గా చెయ్యి ఊపింది.

"మందు రాకముందు... నాకు దగ్గు లేదా?"

"ఇంత లేదమ్మా."

"ఎంత ఉందో నీకేం తెలుసు? నీ ముందు దగ్గితేగా."

పెద్దకోడలు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అదేమిటి అత్తయ్యా?"

అమ్మ కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. తరవాత, దొంగతనం బయటపడ్డ చిన్నపిల్లలా కొడుకు వంక ఓరగా చూసింది.

"టేపు పీకిన వారానికే మొదలైంది. గొంతులో మంట. పొద్దున్నే ఎక్కువ. వీధిలో అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారు. మీ అమ్మ కిటికీ తీసిందట కదా అంటున్నారు. పొగ లేనప్పుడు నేను దగ్గానంటే... ఏమనుకుంటారు? మందు పనిచెయ్యలేదనుకోరూ? అందుకని... తలగడలో ముఖం పెట్టుకుని దగ్గేదాన్ని. బస్సుల చప్పుడులో ఎవరికీ వినబడేది కాదు."

చిన్నకోడలు గోడ వైపు తిరిగింది.

"కిటికీ అయినా మూసుకోవచ్చు కదమ్మా," అన్నాడతను.

"నువ్వు తీసిన కిటికీ... నేను మూస్తానా?"

అతను అమ్మ మంచం పట్టె మీద తల ఆనించాడు. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

అప్పుడే పెద్దకొడుకు వచ్చాడు. డ్యూటీ మధ్యలో ఎప్పుడూ రాని మనిషి. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆ ముఖం చూడగానే పెద్దకోడలికి అర్థమైంది, ఏదో మోసుకొచ్చాడని.

"ఏమిటో చెప్పండి. ఇంకా ఏం మిగిలింది?"

"పైఆఫీసు నుంచి వస్తున్నారు," అన్నాడు నేల చూస్తూ. "ఎల్లుండి పొద్దున్నే. బస్సులు స్టార్టు చేసే వేళకు."

"వస్తే రానియ్యండి. డిపోకు కదా."

"ఇక్కడికి కూడా. అమ్మ ఆసుపత్రికి వెళ్ళకముందు ఒకరోజు మాటల్లో చెప్పాను. మా అమ్మ ఇన్నేళ్ళకు కిటికీ తీసిందండీ, మంచం కూడా అక్కడే వేసుకుందండీ అని. వాళ్ళకది బాగా నచ్చింది. అమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫొటో తీస్తారట. అది చూపించి, మిగతా డిపోలన్నిటికీ ఇదే మందు పంపిస్తారట."

"మీకు మతి ఉండే మాట్లాడుతున్నారా?" పెద్దకోడలి గొంతు ఇల్లంతా మోగింది. "ముక్కుకు గొట్టంతో ఉన్న మనిషిని తీసుకెళ్ళి కిటికీలో బొమ్మలా పెడతారా?"

"పెడతానని అన్నానా నేను? ఒంట్లో బాగాలేదని చెప్పాను. ముసలివాళ్ళకు మామూలే, కాసేపు కూర్చోబెడితే చాలన్నారు."

"నేను చెప్తాను వాళ్ళకి," చిన్నకొడుకు లేచాడు. "ఉన్నదున్నట్టు చెప్తాను."

"చెప్పు," అన్నాడు అన్నయ్య. కోపం లేదు. అలసట ఉంది. "నీ కాగితాలే వాళ్ళ చేతుల్లో ఉంటాయి. పొగ లేదని నువ్వే రాసిచ్చావు. నువ్వు కాదంటే, మేష్టారికి మనసు బాగాలేదు, తల్లి జబ్బుతో ఉంది పాపం అంటారు. అని, అన్ని డిపోలకూ మందు డ్రమ్ములు పంపిస్తారు."

అతను మళ్ళీ కూర్చున్నాడు.

"ఎవరూ... ఏమీ చెప్పక్కర్లేదు," అంది అమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆమె దిండు మీద నుంచి లేవడానికి చూస్తోంది. చిన్నకోడలు పరుగున వెళ్ళి వీపుకు చెయ్యి ఆసరా ఇచ్చింది.

"చిన్నాడి పని చూడ్డానికి పెద్దవాళ్ళు ఇంటికొస్తుంటే... నేను పడుకునుంటానా? కాసేపేగా. కూర్చుంటాను. ఆ కాసేపు గొట్టం తీసెయ్యండి, ఫొటోలో బాగుండదు." ఊపిరి అందక ఆగింది. అందాక పెద్దకొడుకును దగ్గరకు రమ్మని సైగ చేసింది. "నువ్వు వెళ్ళి డాక్టర్ని అడుగు నాన్నా. ఆ పూటకు దగ్గు రాకుండా... ఏదైనా సూదిమందు వేస్తాడేమో."

చిన్నకోడలు భర్త ముఖంలోకి చూసింది. ఇప్పుడైనా వద్దంటాడని చూసింది. అమ్మ ఒక చెయ్యి అతని తల మీదే ఉంది, జుట్టు సవరిస్తోంది.

పెద్దకొడుకు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అడుగుతాలే అమ్మా," అన్నాడు.